ఎత్తబడే లోపు మైకు దించండి

బందరు కోనేరు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. పైన ఎర్రటి అక్షరాలతో ‘ప్రభువు రాకడ అతి సమీపం’. దాని కింద ముప్పాతిక వంతు జాగా ఆక్రమించి, తెల్ల సూటులో, ఒక చేత్తో మైకు పట్టుకుని రెండో చెయ్యి ఆకాశానికి చాపిన దైవజనుడు. పక్కన అమ్మగారు. అడుగున వరసగా పాస్‌పోర్టు సైజు మొహాలు: సంఘపెద్దలు, యూత్ ప్రెసిడెంటు, కీబోర్డు వాయించే కుర్రాడు, ఫ్లెక్సీకి డబ్బులిచ్చిన దాత, ఆ దాతగారి బావమరిది. రావలసినవాడు ఎక్కడున్నాడా అని వెతికితే, ఎడమ మూల మబ్బుల్లోంచి సగం మొహంతో తొంగి చూస్తున్నాడు. మిగతా సగం మీద ప్రింటింగు షాపు ఫోన్ నంబరు పడింది. కుడి మూల కానుకల కోసం క్యూఆర్ కోడ్. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక: వర్షం పడితే సభలు వాయిదా.

ఆ గమనిక రాయించినాయన నిబ్బరానికి దణ్ణం పెట్టాలి. ఆకాశం చుట్టచుట్టుకుపోయే రోజు గురించి చెప్పడానికి మూడు రోజుల సభలు పెట్టి, చినుకు పడితే మాత్రం ఇంటి దగ్గరే ఉండమంటున్నాడు.

రాకడ కోసం కనిపెట్టుకుని ఉండటం క్రైస్తవుడి పని. అందులో ఎగతాళి చేయాల్సింది ఏమీ లేదు. రెండు వేల ఏళ్ళుగా కూలినాలి జనం బతుకు ఈడ్చుకొచ్చింది ఆ ఆశ మీదే; న్యాయం చేసేవాడు ఒకడు వస్తాడన్న నమ్మకం లేకపోతే పేటల్లో చాలామందికి తెల్లవారడమే దండగ. యేసు చెప్పింది కూడా తికమక లేకుండా చెప్పాడు. ఆ రోజు ఎప్పుడో మనుషులకి తెలియదు, దేవదూతలకి తెలియదు, నాకూ తెలియదు, తండ్రికే తెలుసు అన్నాడు. అందుకని మెలకువగా ఉండమన్నాడు. మనవాళ్ళు ఇందులో మొదటి సగం కొట్టేసి, రెండో సగానికి యాంప్లిఫయర్ తగిలించారు.

ఎదురుచూడటం బందరుకి ఒకరు నేర్పాల్సిన విద్యా? పోర్టుకి 2008లో రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు పనులు ప్రారంభించారు. 2023 మేలో జగన్మోహన్ రెడ్డి వచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు కొబ్బరికాయలు, ఒకటే సముద్రం. ఇప్పుడు పనులు నిజంగానే సాగుతున్నాయంటే, ‘ఓడ వచ్చాక చూద్దాంలే’ అని టీ తాగుతూ అనేవాళ్ళు బందర్లో ఇంకా ఉన్నారు. తేదీ చెప్పినవాడిని నమ్మకుండా, రావలసినదాని మీద ఆశ చావకుండా బతకడం ఎలాగో ఈ ఊరు ఏ బైబిలు కాలేజీలోనూ నేర్చుకోలేదు.

ఆ రోజు ఎవరికీ తెలియదన్న మాట ఇప్పుడు మా జిల్లాలో అక్షరాలా వర్తించేది ఒక్కదానికే: పాస్టర్లకి ప్రభుత్వం ఇస్తామన్న నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం. ఏ నెలది ఏ నెలలో పడుతుందో పరలోకంలోనూ తెలియదు, ట్రెజరీలోనూ తెలియదు. దానికోసం అర్ధరాత్రి కూడా ఫోన్ తీసి బ్యాంకు మెసేజి చూసుకునే ఆ మెలకువ, యేసు చెప్పిన ఉపమానంలో దివిటీలు పట్టుకున్న బుద్ధిగల కన్యకలకి కూడా ఉండి ఉండదు. పగలు కూలికి వెళ్ళి, రాత్రి సైకిలు మీద మూడు పేటలు తిరిగి జ్వరం వచ్చినవాళ్ళ తల మీద చెయ్యి పెట్టే చిన్న పాస్టరు జోలికి నేను పోవడం లేదు. ఆయనకి ఆ ఐదు వేలు ఇంట్లోకి బియ్యం. ఫార్చ్యూనర్ దిగి వచ్చి అదే ఫారం నింపిన దైవజనుల సంగతి చెబుతున్నాను.

ఇక తేదీలు. తేదీల వ్యాపారం మన గడ్డ మీద పుట్టలేదు, దిగుమతి సరుకు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్తిస్టు రైతు దానియేలు గ్రంథంలో అంకెలు తీసి లెక్క మొదలుపెట్టాడు. చివరికి ఆ లెక్క 1844 అక్టోబరు 22 దగ్గర తేలింది. వేల మంది నమ్మారు. ఎలాగూ పోతున్నాం కదా అని బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేసినవాళ్ళున్నారు. 23న మామూలుగానే తెల్లారింది. కాలిఫోర్నియాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు. అది దాటాక అక్టోబరు 21 అన్నాడు. అదీ దాటింది. ఆయన చదువుకి సివిల్ ఇంజనీరు. లెక్క తప్పిన ఇంజనీర్లని మా కరకట్టల మీద చూసే ఉన్నాం కాబట్టి మేం పెద్దగా ఆశ్చర్యపోలేదు. మొన్న 2025 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా నుంచి ఒకాయన 23, 24 తేదీలు ఖాయం చేశాడు. ఆ కబురు ప్రపంచమంతా ఫోన్లలో తిరిగింది. 25న పాలవాడు వచ్చాడు.

హిందూ సోదరులు మరీ నవ్వుకోనక్కర్లేదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా హోమాలు చేసి పోసిన నెయ్యితో కృష్ణా డెల్టాకి ఒక ఏడాది పప్పన్నం తినిపించి ఉండొచ్చు.

వీళ్ళందరిలో నాకు నచ్చినవాడు దక్షిణ కొరియా లీ జాంగ్ రిమ్. 1992 అక్టోబరు 28 అర్ధరాత్రి ఆకాశంలోకి ఎత్తబడతాం అన్నాడు. జనం ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్మి కానుకలు ఇచ్చారు. తేదీకి ముందే పోలీసులు ఆయన్ని పట్టుకుని కాగితాలు తీసి చూస్తే, ఆయన కొన్న బాండ్లు 1993 మేలో చేతికొస్తాయి. లోకం పోయాక ఏడు నెలలకి వడ్డీ!

కాబట్టి మన ఊళ్ళో తేదీ చెప్పే ప్రవక్త దిగితే హెబ్రీ, గ్రీకు తిరగేసే పనిలేదు. ఆయన గుడివాడలో ఏ చీటీలో చేరాడో, ఎన్ని నెలల చీటీయో కనుక్కుంటే చాలు. ఇరవై నెలల చీటీలో మూడో నెల కడుతూ వచ్చే సెప్టెంబరుకల్లా లోకాంతం అంటున్నాడంటే, ఆ మాట ఆయనే నమ్మడం లేదు. మొదటి నెలలోనే పాట పాడి మొత్తం ఎత్తేసుకున్నాడా, అప్పుడు కాస్త కంగారు పడాల్సిందే. లోకం గురించి కాదు, ఆ చీటీలో ఉన్న మిగతా వాళ్ళ గురించి.

ప్రవక్తలు చెప్పిన తేదీలు దాటిపోయాయి. చెప్పకుండా వచ్చిన తేదీలు కొన్ని మాకున్నాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. ఆ రోజు సకల పరిశుద్ధుల పండుగ. 30 వేల మంది పోయారని అప్పటి లెక్క. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ. తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే, దాని కుడి చెయ్యి వచ్చి నాగాయలంక, కోడూరు పల్లెల మీద పడింది. మనిషికి మూడింతల ఎత్తున సముద్రం లేచింది. సొర్లగొందిలాంటి ఊళ్ళు ఊళ్ళుగా మిగల్లేదు. సర్కారు లెక్క పది వేలకి దగ్గర. ఆ లెక్కని దివిసీమలో నమ్మేవాళ్ళు తక్కువ. మర్నాడు ఆదివారం. తీరం వెంట చాలా పేటల్లో ఆ ఆదివారం ఆరాధన లేదు, చేసేవాళ్ళు లేక. 2004 డిసెంబరు 26 కూడా ఆదివారమే, క్రిస్మస్ మర్నాడు. ఆ రోజు సునామీ వచ్చి మంగినపూడి బీచిలో పౌర్ణమి స్నానాలకి దిగినవాళ్ళని లాక్కుపోయింది.

ఇలాంటిది జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు మైకు పట్టుకుని ‘ఇది దేవుని ఉగ్రత, కడవరి సూచన’ అంటారు. ఉగ్రత అయితే దాని గురి సంగతేమిటో కాస్త చెప్పండి అయ్యగారూ. నూటికి ఐదు వడ్డీకి తిప్పేవాడు మెరక మీద డాబాలో ఉన్నాడు. అతని గోడ కూడా తడవలేదు. సముద్రం పక్కన తాటాకు గుడిసెలో రొయ్యపిల్లలు ఏరుకునే మనిషి, భార్య, ముగ్గురు పిల్లలతో కొట్టుకుపోయాడు. దేవుడికి పాపి అడ్రసు దొరకలేదా, మెరక ఎక్కలేకపోయాడా? ఉప్పెన చూసేది పల్లం. పల్లంలో ఎవరు ఉండాలో నిర్ణయించింది దేవుడు కాదు, మనం. ఈ సంగతి మీద ప్రసంగం చేసే దమ్ము లేకే ప్రకటన గ్రంథంలో మృగం కొమ్ములు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

77లో హెచ్చరిక లేదా అంటే ఉంది. రేడియోలో చెప్పారు. రేడియో లేని గుడిసెకి ఎవరు చెప్పాలి, చెప్పినా ఏ మెరకకి పరిగెత్తాలి? 1990 మే 9న అంతకి ఏమాత్రం తీసిపోని తుఫాను మళ్ళీ ఈ కృష్ణానది ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి పోయినవాళ్ళు వెయ్యి లోపు. సముద్రం మెత్తబడలేదు. లక్షకు పైగా జనాన్ని ముందే లేపి, బస్సులెక్కించి, పక్కా భవనాల్లోకి చేర్చారు. 77 తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. కట్టించినవాళ్ళలో చర్చిల సహాయ సంస్థ కాసా కూడా ఉంది. స్తంభాల మీద ఎత్తుగా, కింద నీళ్ళు పారిపోయేలా కట్టిన సిమెంటు గదులు అవి. అప్పటికి ఫ్లెక్సీలు రాలేదు కాబట్టి కట్టించినవాళ్ళ బావమరుదులెవరో మనకి తెలియదు.

యజమాని రావడం ఆలస్యమైనా ఇంట్లోవాళ్ళకి వేళకి అన్నం పెట్టిన నౌకరు కథ యేసు చెప్పాడు కదా. ఆ నౌకరు పైకి చూస్తూ కూర్చోలేదు. పొయ్యి దగ్గర ఉన్నాడు. అదే కథలో రెండో నౌకరు, యజమాని ఇప్పట్లో రాడులే అని తోటి పనివాళ్ళని కొట్టి, తాగి పడుకున్నవాడు. మనం మూడో రకాన్ని తయారుచేశాం. యజమాని ఇదిగో వచ్చేస్తున్నాడు, వచ్చేస్తున్నాడు అని అరుస్తూ, ఆ హడావుడిలో వంటింటి సామాను అమ్ముకునేవాడు.

గిలకలదిండి రేవులో మెలకువ ఎలా ఉంటుందో చూడండి. ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరగానే జాలర్లు ఒడ్డున చేరి గుండెలు బాదుకోరు. పడవ పైకి లాగి మోకు కడతారు. ఇంజను విప్పి భుజాన వేసుకుని ఇంటికి మోస్తారు. ఇంట్లో ఆడమనిషి రేషన్ కార్డు, ఆధార్, పిల్ల సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో చుట్టి, మూతి బిగించి, నడుముకి దోపుకుంటుంది. ముసలాయనకి బీపీ బిళ్ళలు ఎన్ని రోజులకి ఉన్నాయో లెక్క చూసుకుంటుంది. ఎవరూ సాక్ష్యం చెప్పరు, ఎవరూ వీడియో తీయరు. అరగంటలో పని అయిపోతుంది.

ఇప్పుడు మన మెలకువ చూద్దాం. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే దారిలో ఒక పేట. శుక్రవారం రాత్రి ‘ఆల్ నైట్ ప్రేయర్’. మందిరం పక్కన కొబ్బరిచెట్టుకి నాలుగు దిక్కులకీ నాలుగు బాకాలు కట్టారు. తొమ్మిదింటికి ‘మైక్ టెస్టింగ్, హల్లెలూయ, వన్ టూ త్రీ’ మొదలైంది. పదింటికి పాటలు. పదకొండింటికి వర్తమానం, అంశం, మెలకువ. పన్నెండు దాటేసరికి లోపల ఉన్న పాతిక మందిలో ఇరవై మంది గోడలకి చేరగిలబడ్డారు. కీబోర్డు కుర్రాడు ఒక మెట్టు మీద వేలు పెట్టి అలాగే నిద్రపోయాడు. ఆ ఒక్క స్వరం పావుగంట సేపు మోగుతుంటే సంఘం దాన్ని ఆత్మ కార్యం అనుకుంది. బయట మాత్రం పేట పేటంతా లేచి కూర్చుంది. పసిపిల్లలు ఏడుస్తున్నారు, గేదెలు బెదురుతున్నాయి. మెలకువగా ఉండమన్న ఆజ్ఞని ఆ రాత్రి ఊరంతా పాటించింది, సంఘం తప్ప.

రెండింటికి ఒక మామ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడదీ అదే సంఘం.

“అయ్యగారూ, లోపలోళ్ళు పడుకున్నారండి. బయటోళ్ళం లేచున్నాం. ఆ బాకాలు ఇటు లోపలికి తిప్పండి బాబూ, పుణ్యముంటుంది.”

“మామ్మా, నీకు ఆత్మల భారం లేదు.”

“తెల్లారితే ఊడుపులున్నాయి బాబూ. నా భారం అది.”

దొంగ వచ్చినట్టు వస్తాను అన్నాడు ప్రభువు. దొంగ కోసం కాపు కాసేవాడు ఎక్కడైనా నాలుగు బాకాలు కట్టుకుంటాడా? గెత్సేమనే తోటలో ఒక్క గంట తనతో మేలుకొని ఉండమని అడిగితే శిష్యులు కునుకు తీశారు. ఆయన నిష్ఠూరం ఆడాడు గానీ బాకాలు తెప్పించలేదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట మైకు వద్దని 2000 సంవత్సరంలో కేంద్రం నిబంధనలు పెట్టింది. అవి గుడికీ మసీదుకీ రికార్డింగ్ డాన్సుకీ కూడా వర్తిస్తాయి, నిజమే. కానీ వాళ్ళు వాయిస్తున్నారు కదా అని మనమూ వాయించే పక్షంలో, ఈ లోకపు తీరు అనుసరించవద్దన్న ప్రసంగం ఎవరికి చెబుతున్నట్టు?

నూనె గురించి ఎక్కువ చెప్పను. కన్యకల ఉపమానంలో బుద్ధిలేనివాళ్ళు ఆఖరి నిమిషంలో నూనె కొనుక్కోవడానికి అంగడికి పరిగెత్తి తలుపు బయట ఉండిపోయారు. అది చదివి మనకి అర్థమైంది ఒక్కటే: నూనెకి గిరాకీ ఉంది. యెరూషలేము తైలం చిన్న సీసా, పెద్ద సీసా, వీసా రావడానికి ఒకటి, సంతానానికి ఒకటి. అక్కడిదాకా వెళ్ళి తెచ్చుకునేవాళ్ళకి యెరూషలేము యాత్ర సాయాన్ని 2019లో ప్రభుత్వం 40 వేల నుంచి 60 వేలకి పెంచింది. ఆయన దిగి వస్తాడని ఇక్కడ పాడుకుంటూ, ఆయన ఎక్కి వెళ్ళిన కొండ దగ్గర సెల్ఫీ దిగడానికి ఇక్కడి సర్కారు టిక్కెట్టు కొనిపెట్టాలి. హజ్ యాత్రా, మానససరోవరం మాటేమిటి అంటారా? వాళ్ళ సంగతి వాళ్ళ రచయితలు చూసుకుంటారు.

సమాధుల దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త నిలబడాలి. బందర్లో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దపు వర్తకులు, రాళ్ళ మీద వంశ చిహ్నాలు, పురావస్తు శాఖ బోర్డు. బట్టలు కొనడానికి వచ్చి, మూడు వందల ఏళ్ళుగా కడబూర కోసం అక్కడే పడుకున్నారు. అదే ఊళ్ళో సెయింట్ మేరీస్ చర్చి గురించి ఒక కథ చెప్పుకుంటారు. జాన్ పేటర్ అనే సైన్యాధికారి, పెళ్ళి కాకుండానే చనిపోయిన తన ప్రియురాలు అరబెల్లాకి శ్మశానంలో చోటివ్వం అంటే, ఆమెని పాతిపెట్టిన చోట ఏకంగా చర్చే కట్టించాడట. కథలో ఎంత నిజముందో గానీ, సమాధికి చోటు ఇవ్వమనే అలవాటు మాత్రం మా సంఘాల్లో బాగానే బతికి ఉంది.

మాలపేటలో ఒక మందిరం. మాదిగపేటలో ఒక మందిరం. మధ్యలో పంట బోదె, మీద రెండు తాటిదుంగలు. ప్రభువు ఒకడే, పాటల పుస్తకం ఒకటే, రాగం తప్పే చోటు కూడా ఒకటే. పూడ్చే చోట్లు మాత్రం వేరు. క్రీస్తులో చనిపోయినవాళ్ళు ముందు లేస్తారని పౌలు రాశాడు గానీ, వాళ్ళలో ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది రాయడం మరిచిపోయాడు. ఆ లోటు మా పెద్దలు తీర్చారు. కడబూర మోగిన రోజు ఈ గట్టు వాళ్ళు ఈ గట్టునే లేవాలి, ఆ గట్టు వాళ్ళు ఆ గట్టునే లేవాలి. ఆకాశంలో కలిసే చోట బోదె ఎవరు తవ్వుతారో ఇంకా కమిటీ తేల్చలేదు.

పైనుంచి ఇంకో మెలిక. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు; మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. బాప్తిస్మంతో అంటరానితనం కడుక్కుపోయిందని ఢిల్లీ నమ్మింది, టీ కొట్టువాడు నమ్మలేదు. అందుకని ఆదివారం ఏలియా, సోమవారం ఎల్లయ్య. ఆ రెండు పేర్ల మనిషిని నేను వెక్కిరించను. కూతురికి నర్సింగు సీటు కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద తన విశ్వాసాన్ని జేబులో దాచుకున్నవాడి బాధ దేవుడికి తెలుసు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ షరతు తీసేయమంది. 2022లో మళ్ళీ ఇంకో కమిషన్ వేశారు. ఇదీ ఎదురుచూపే, ఇదీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. రాకడ మీద రోజుకో వీడియో పెట్టే దైవజనుల్లో దీని గురించి ఒక్క రాత్రి ప్రార్థన పెట్టినవాడిని చూపించండి, ఆ రాత్రికి మైకు అద్దె నేనే కడతాను. నాలుగు బాకాలకీ.

పెద్ద సంఘాల సంగతి అడగొద్దు. వాళ్ళకి బాకాలు లేవు, లాయర్లున్నారు. మిషనరీలు వదిలివెళ్ళిన స్థలాలు, షాపుల అద్దెలు, కమిటీ ఎన్నికలు, దాని మీద కేసు, ఆ కేసు మీద కేసు. ప్రభువు ఈ ఆదివారమే దిగి వచ్చి ఫలానా మందిరంలో కాలు పెట్టబోయాడే అనుకోండి, గేటు దగ్గరే ఆపుతారు: “అయ్యా, స్టేటస్ కో ఆర్డరుంది. తమరు ఏ వర్గం తరఫున వచ్చారు?”

ఆ స్థలాలు వదిలివెళ్ళినవాళ్ళు రాకడ కోసం ఎలా కనిపెట్టుకుని ఉన్నారో ఒక్క మాట. 1841లో ఇద్దరు కుర్ర పాదిరీలు బందర్లో దిగారు. హెన్రీ ఫాక్స్ ఆక్స్‌ఫర్డులో చదివాడు, రాబర్ట్ నోబుల్ కేంబ్రిడ్జిలో. ఫాక్స్ ఊళ్ళు పట్టుకు తిరిగి ఆరోగ్యం పాడై ఏడేళ్ళకే పోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు, మంచాల రత్నం, ఐనాల భూషణం, బాప్తిస్మం తీసుకుంటే ఊరు ఊరంతా తిరగబడింది, బడి ఖాళీ అయిపోయింది. ఆయన మళ్ళీ పలకా బలపం పట్టించాడు. 1864 ఉప్పెన చూశాడు. మరుసటేడు ఇక్కడే కన్నుమూశాడు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ ఇంటికి వెళ్ళలేదు. ఆయన బళ్ళో మాల మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు. ఆ మచ్చ ఆయనకి ఉంది, మన బోదెలకి ఎగువన తవ్వినవాళ్ళలో ఆయనా ఒకడు. అయినా ఇది మాత్రం చెప్పాలి: ప్రభువు ఏ క్షణమైనా రావచ్చునని నమ్మిన ఆ మనిషి, ఇరవై ఏళ్ళకి గానీ ఫలితం తేలని పని పెట్టుకున్నాడు. మనం ప్రభువు రేపే వస్తాడంటూ, మూడు రోజుల్లో కలెక్షన్ తేలే పని పెట్టుకున్నాం. నోబుల్ పేరు ముందు అపొస్తలుడు లేదు, ప్రవక్త లేదు, డబ్బు కడితే వచ్చే డాక్టరేటు లేదు. ఇవాళ ఆయన ఫ్లెక్సీ వేయాలంటే డిజైన్ చేసేవాడికి ఏం రాయాలో తోచదు.

సరే, ఆశ వదలొద్దు అని బోధించే మతం కాబట్టి నేనూ ఒక మనవి చేసుకుంటాను. ఈ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం నాలుగు ఆదివారాలు కూడా అందులోనే పడతాయి. ఆ నాలుగింటిలో ఒక్క ఆదివారం ప్రసంగం కుదించి, సంఘం సంఘమంతా లేచి తుఫాను షెల్టరు దాకా నడవండి. చాలావాటికి పెచ్చులూడాయి, ఊచలు బయటపడ్డాయి. లోపల ఎవరి ధాన్యం బస్తాలున్నాయో, ఎవరి వలలున్నాయో, తాళంచెవి ఎవరి మొలతాడుకి ఉందో కనుక్కోండి. సంఘపు రిజిస్టరులో దశమభాగం ఎవరెంత ఇచ్చారన్న పేజీ తిప్పి, ఇంకో పేజీలో నడవలేని ముసలివాళ్ళు, నెలలు నిండిన ఆడపిల్లలు ఎవరింట్లో ఉన్నారో రాసిపెట్టండి. ఆ పేజీలో మాలపేట, మాదిగపేట అని గీత గీయొద్దు. గుడిసెలో దీపం పెట్టుకునే హిందువుల ఇంటినీ, పల్లెకారుల ఇంటినీ కలిపి రాయండి.

మైకు కూడా కావాలి. 77లో దివిసీమ పల్లెల్లో లేనిది, ఇప్పుడు ప్రతి పేటలో ఉన్నది అదొక్కటే: కొబ్బరిచెట్టు మీద నాలుగు బాకాలు, కింద యాంప్లిఫయరు, కరెంటు పోతే బ్యాటరీ. హెచ్చరిక నంబరు పెరిగిన రాత్రి పంచాయతీ గుమాస్తా వచ్చి అడిగితే, అది ఉజ్జీవ సభలకి గుడివాడ పంపించాం అనకండి. ఆ రాత్రి గొంతు పోయేదాకా అరవండి, ఎవరూ ఏమీ అనరు. మిగతా రాత్రుళ్ళు పదింటికి కట్టేయండి. ఎదురింటి పిల్ల పదో తరగతి పరీక్షలు రాస్తోంది.